పన్నెండు గంటల పది నిమిషాలు

నీలం మీద ఒక ఎర్ర గీత.

ఇక్కడ మొదలై ఎక్కడో దిగుతుంది. మధ్యలో సముద్రం. ఆ సముద్రం మీద మబ్బు లేదు, గాలి లేదు, అల లేదు. తెర మీది సముద్రానికి అవన్నీ ఎందుకు?

అతను రెండు ఊళ్ళ పేర్లు కొడతాడు. గీత పడుతుంది. కిలోమీటర్లు వస్తాయి. వాటిని విమానం గంటకి పోయే ఎనిమిది వందల యాభైతో భాగిస్తాడు. లేవడానికీ వాలడానికీ కలిపి ఒక అరగంట వేస్తాడు.

అంతే. ఆ రెండు విమానాశ్రయాల మధ్య ఎంత దూరమో, ఎన్ని గంటల ప్రయాణమో లోకానికి తెలిసిపోయినట్టే.

అదీ అతని ఉద్యోగం.

కళ్ళద్దాల దుకాణం పైన రెండో అంతస్తు. పొడుగాటి గది. పదకొండు బల్లలు, పదకొండు తెరలు, మూలుగుతూ తిరిగే ఒకే ఒక్క ఫ్యాను. తలకి రోజుకి ఎనభై పేజీలు. ఉన్న ప్రతి విమానాశ్రయం నుంచీ ఉన్న ప్రతి విమానాశ్రయానికీ ఒక పేజీ. ఎవరో ఎక్కడో కూర్చుని ఇంటర్నెట్టులో అడుగుతారు — ఎంత దూరం? ఎంత సేపు? ఈ గది జవాబు చెబుతుంది.

గదిలో ఒక్కడూ విమానం ఎక్కలేదు. పెద్దసారు మాత్రం ఒకసారి ఎక్కాడట. కిటికీ పక్క సీటు దొరకలేదని ఇప్పటికీ చెప్పుకుని బాధపడతాడు.

చేరిన కొత్తలో అతను అడిగాడు. "సార్, ఈ రెండిటి మధ్యా అసలు విమానమే తిరగదేమో కదా. మరి గంటలెలా రాస్తాం?"

పెద్దసారు నవ్వాడు. "తిరిగితే ఎంత పడుతుందో అది రాస్తాం. చదివేవాడికి అంకె కావాలయ్యా. అంకె ఇచ్చెయ్, ఇంకో జత ఎక్కించు."

ఇంకో జత ఎక్కించాడు. ఆ తర్వాత ఇంకోటి... ఇంకోటి... పదకొండేళ్ళు.

ప్రశ్న అక్కడే చచ్చిపోయింది. దాన్ని ఎవరూ చంపలేదు పాపం. రోజుకి ఎనభై పేజీల కింద పడి నలిగిపోయింది.

వీధిలో అతన్ని దూరాలాయన అంటారు. "ఏమోయ్ దూరాలాయనా, మా మేనత్తగారి ఊరికి విమానంలో ఎంతసేపు?" అని టీకొట్టు దగ్గర ఆపుతారు. అతను చూడకుండా చెబుతాడు. "గంటా నలభై." మేనత్తగారి ఊళ్ళో విమానాశ్రయం లేదు. అయినా చెబుతాడు. అబ్బో, ఆ చెప్పడంలో ఎంత దర్జా!

అతనికి ఉన్నది ఇద్దరే. పైన అక్క. కింద చెల్లెలు.

అక్క కుట్టుమిషను తొక్కి ఇద్దర్నీ పెంచింది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. స్కూలు యూనిఫారాలు, గౌన్లు, చొక్కాలు. మిషను చప్పుడు ఆగితేనే ఆ ఇంట్లో పిల్లలకి మెలకువ వచ్చేది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ఉన్నారుగా ఇద్దరు, నా ప్రాణానికి" అనేది. నవ్వుతూనే అనేది.

చెల్లెలు తొమ్మిదేళ్ళ కిందట వెళ్ళిపోయింది. చాలా దూరం. పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని.

ఆమె విమానం ఎక్కిన రోజే అతను ఆ పేజీ తయారుచేశాడు. ఇక్కణ్ణుంచి అక్కడికి. తొమ్మిది వేల తొమ్మిది వందల పదిహేడు కిలోమీటర్లు. పన్నెండు గంటల పది నిమిషాలు.

లక్షల పేజీల్లో ఆ ఒక్క పేజీ అంటే అతనికి ముద్దు. ఇంటికొచ్చి అక్కకి చూపించాడు. అక్క తడి చెయ్యి తుడుచుకుని ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టింది. "ఇంతేనా? పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగొచ్చన్నమాట" అంది. ఎంత సంతోషపడిందో!

చెల్లెలు చేరినట్టు ఫోన్ చేసింది మాత్రం మూడో రోజు.

"ఇంతాలస్యమేంటే?" అన్నాడతను.

"మధ్యలో—"

"సరేలే, నాకు తెలుసులే. విమానాలన్నాక అంతే."

తెలుసట. ఏం తెలుసో ఆ దేవుడికే తెలియాలి.

మూడేళ్ళు గడిచాయి. సెలవుకి వస్తానంది చెల్లెలు, రాలేదు. మళ్ళీ వస్తానంది, రాలేదు. మూడోసారి కూడా రాకపోయేసరికి అక్కకి ఒళ్ళు మండింది. ఫోన్లో మాట తూలింది. "పన్నెండు గంటల దారి! పక్కూరు బస్సుకి కూడా ఒక్కోసారి అంత పడుతుంది. మనసు లేదని చెప్పు, సరిపోతుంది. ఇంక రాకు. నాకు ఇద్దరు లేరు, ఒక్కడే అనుకుంటాను."

టప్పున పెట్టేసింది.

పెట్టిన ఫోను ఇటు ఎత్తలేదు. అటు నుంచి మోగలేదు. ఇద్దర్నీ ఒకే తానులోంచి కత్తిరించారు, ఏం చేస్తాం. ఆరేళ్ళు. మధ్యలో అతను. "అక్క మందులేసుకుంటోందా?" అని చెల్లెలూ, "అది వేళకి తింటోందటరా?" అని అక్కా... అన్నీ అతని చెవిలోంచే. ఒక్కటే ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎందుకు రాలేకపోయావు అని.

ఈ ఏడు గాలులు ముందే మొదలయ్యాయి. దుమ్ము లేచింది. తలుపులు కొట్టుకున్నాయి. అక్క దగ్గింది. నాలుగు రోజులు దగ్గుతూనే మిషను తొక్కింది. ఐదో రోజు మిషను మీదే తల వాల్చేసింది.

ఆస్పత్రి. మూడో అంతస్తు. ముక్కూ నోరూ మూసే మాస్కు. దాని వెనక బుస్సుమంటూ గాలి. కిటికీ అవతల చెట్టు నిండా గాలి — కొమ్మలు ఊపేస్తూ, ఆకులు రాల్చేస్తూ, ఎవరికీ అక్కర్లేనంత గాలి. కిటికీ ఇవతల ఒక్క గుక్క కోసం అక్క భుజాలు ఎగసి పడుతున్నాయి.

అతను చెల్లెలికి చెప్పాడు. అది ఏడవలేదు. "వస్తున్నా" అంది.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్. వెనక ప్రకటనలు, చక్రాల పెట్టెల గడగడ. "టికెట్ దొరికిందన్నయ్యా, ఎక్కుతున్నా. అక్కని ఉండమను. నేను మధ్యలో—"

"నాకు తెలుసులే! పద పద, ముందు ఎక్కు."

పెట్టేశాడు.

ఎనిమిదింటికి డాక్టరమ్మ వచ్చింది. దాచకుండా చెప్పింది. "బాగా అలిసిపోతున్నారు. గొంతులోంచి గొట్టం వేసి మిషను మీద పెడదాం. ఇప్పుడే వేస్తే బయటపడే అవకాశం బాగుంది. ఆలస్యమయ్యే కొద్దీ తగ్గిపోతుంది."

"వేస్తే... మాట్లాడగలనా?" మాస్కులోంచి అక్క.

"గొట్టం ఉన్నన్నాళ్ళూ మాట రాదమ్మా. మత్తులో ఉంచుతాం."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేం."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "అదెప్పుడొస్తుందిరా?"

ఇదిగో. ఇక్కడ. సరిగ్గా ఇక్కడ.

ఇంకెవరైనా అయితే ఏమంటారు? తెలీదక్కా, కనుక్కుంటానుండు, అంటారు. బయటికెళ్ళి నలుగురికి ఫోన్ చేస్తారు. తెలీనివాడికి ఆ మాత్రం భయం ఉంటుంది. ఇతను దూరాలాయన. చూడకుండా చెప్పాడు.

"ఏడింటికి ఎక్కింది. పన్నెండు గంటల పది నిమిషాలు. సాయంత్రం ఏడూ పదికి దిగుతుంది. ఎనిమిదికల్లా నీ మంచం పక్కనుంటుంది."

పది నిమిషాలతో సహా! ఆ పది నిమిషాలే నమ్మించాయి. ఊరికే సాయంత్రమని ఉంటే అక్క ఇంకోసారి ఆలోచించేదేమో.

"అయితే ఆగుతా" అంది అక్క. "దానికో మాట చెప్పాలి."

"నాతో చెప్పక్కా, నే చెప్తా."

"ఆరేళ్ళూ నీతోనే చెప్పించాను. ఇది నేనే చెప్పాలి... దాని మొహం చూసి."

డాక్టరమ్మ అతని వైపు చూసింది. "మీరైనా నచ్చజెప్పండి. ఆగడం మంచిది కాదు."

అతను నచ్చజెప్పాడా? లేదు. "సాయంత్రమే కదండీ" అన్నాడు.

అక్క కాగితం మీద సంతకం పెట్టింది. ఇప్పుడు వద్దు, అని.

తొమ్మిది. పది. పదకొండు.

గాలి కోసం భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి.

పన్నెండు. ఒకటిన్నర.

"సగం... అయిందా?"

"అయిపోయింది అక్కా. సగం పైనే." ఫోన్ తీశాడు. ఆ పేజీ తెరిచాడు. ఎర్ర గీత చూపించాడు. "ఇదిగో, ఇక్కడుంటుంది ఇప్పుడు. సముద్రం మీద."

అక్క వేలు ఎత్తింది. ఆ చోట పెట్టింది. గోరు నీలంగా ఉంది. అప్పుడైనా చూడలేదతను. గీతనే చూస్తున్నాడు.

రెండు. మూడు. నాలుగు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. అక్క తల అడ్డంగా ఊపింది. చేతి వేళ్ళు మూడు చూపించింది — ఇంకా మూడే గంటలు. పరీక్ష రాసే పిల్లలా పంతంగా చూపించింది.

అయిదు. అయిదున్నర.

"వెళ్ళరా. అది... ఒక్కతే నిలబడుతుంది అక్కడ."

అతను విమానాశ్రయానికి వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి.

అద్దాల గోడ. చల్లని నేల. పూలగుత్తులు పట్టుకున్నవాళ్ళు, పేరు రాసిన అట్టలు పట్టుకున్నవాళ్ళు. పైన నల్లటి బోర్డు. ఊళ్ళ పేర్లు దొర్లుతున్నాయి. ఏడు అయింది. ఏడూ పది అయింది. ఆ ఊరి పేరు రాలేదు. ఏడున్నర. రాలేదు. బోర్డు మీద పేర్లన్నీ అతనికి తెలిసినవే, దేనికెంత దూరమో నోటికి వచ్చు. కావలసిన పేరొక్కటే లేదు.

సమాచారం అని రాసి ఉన్న గూట్లో ఒక అమ్మాయి.

"అమ్మా, ఫలానా ఊరి విమానం ఏడూ పదికి రావాలి. ఆలస్యమా?"

ఆ అమ్మాయి తన తెర చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. "అక్కణ్ణుంచి ఇక్కడికి విమానమే లేదండీ."

"ఇవాళ లేదా?"

"ఎప్పుడూ లేదండీ. రెండు చోట్ల మారి రావాలి. మధ్యలో ఆగడం అవీ కలిపి... ముప్పై గంటలు పైనే. పన్నెండు గంటలని మీకెవరు చెప్పారు?"

అతను పన్నెండు అనలేదు. అమ్మాయి అతని చేతిలో ఫోన్ చూసి అంది. తెరిచే ఉంది. ఎర్ర గీత.

అతను తెర ఆర్పేశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. చెల్లెలి సందేశం. 'మొదటి చోట దిగాను. ఇక్కడ తొమ్మిది గంటలు కూర్చోవాలి. అక్క ఎలా ఉంది? నేనొస్తున్నానని చెప్పావా?'

చెప్పాడు. ఎంత బాగా చెప్పాడో!

తిరిగి వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. మూడు అంతస్తులూ మెట్లెక్కాడు, లిఫ్టు ఉండగా. తొందరగా చేరకూడదని.

అక్క కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. అతని వెనక్కి చూసింది. ఎవరూ లేరు. ఇంకా వెనక్కి చూసింది.

ఏ మొహం పెట్టుకుని నిజం చెబుతాడు? అబద్ధమే చెప్పాడు. "దిగిందక్కా. సామాను కోసం ఆగింది. వెనకాలే వస్తోంది."

అక్క మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు అతను చచ్చేదాకా మర్చిపోలేడు. మర్చిపోకూడదు కూడా.

తొమ్మిదింటికి ఇంక గొట్టం వెయ్యమంటారా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. మంచం చుట్టూ తెర లాగారు. మాస్కు తీసేముందు అక్క పెదాలు కదిలాయి. అతను వంగాడు. మాట లేదు. మాటకి సరిపడా గాలి లేదు.

గొట్టం వేశారు. పదమూడు గంటలు ఆలస్యంగా.

తెల్లారకముందే అక్క పోయింది.

చెల్లెలు సాయంత్రం నాలుగింటికి వచ్చింది. విమానం ఎక్కిన ముప్పై మూడు గంటలకి. పెట్టె తోసుకుంటూ మెట్ల దగ్గరే అతని మొహం చూసింది. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. పెట్టె అక్కడే వదిలేసి లోపలికెళ్ళింది. అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చూపుడువేలి మీద సూది పోట్ల గరుకు ఇంకా అలాగే ఉంది.

నర్సమ్మ మంచి మనిషి. ఓదార్పు అనుకునే అంది. "మీ కోసమేనమ్మా, నిన్నంతా ఎలా పట్టుబట్టి కూర్చుందో. గొట్టం వద్దంది. పన్నెండు గంటలేగా, వచ్చేస్తుంది, దానికో మాట చెప్పాలి, అంటూనే ఉంది."

చెల్లెలు తల తిప్పింది. "పన్నెండా?"

నర్సమ్మ అతని వైపు చూసింది.

"పన్నెండని ఎవరు చెప్పారన్నయ్యా?"

అతను చేతిలో ఫోన్ వైపు చూశాడు. "పేజీలో... అలాగే ఉంటుంది."

"నేను ఏ దారిన వచ్చానో తెలుసా నీకు? తొమ్మిదేళ్ళలో ఒక్కసారి అడిగావా? అయిదు రోజుల సెలవిచ్చేవాళ్ళు నాకు. రానూ పోనూ మూడు రోజులు దార్లోనే పోతాయి. రెండు రోజులుండి మళ్ళీ పెట్టె సర్దుకుంటే అక్క తట్టుకోలేదని ఆగిపోయేదాన్ని. ఈసారి ఎక్కువ సెలవిస్తారు, ఈసారిస్తారు, అని..."

ఆగింది. ఏదో తట్టింది ఆమెకి. మొహం పాలిపోయింది.

"అక్క ఆరోజు తిట్టింది కూడా... పన్నెండు గంటల దారి అనే కదూ?"



ఆరేళ్ళు. ఒక్క అంకె. పన్నెండు అని అతనే రాశాడు, అతనే చెప్పాడు, అక్క నమ్మింది, తిట్టింది, ఆగింది, పోయింది. ముప్పై మూడు అని ఉంటే ఎనిమిదింటికే వేయించుకునేది గొట్టం. బతికేదో లేదో. ఆ మాట డాక్టరమ్మ చెప్పలేదు, అతనికి అడిగే ధైర్యం లేదు.

చెల్లెలు అడిగింది. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"నాకేం చెప్దామనుకుంది?"

"తెలీదే."

"కొంచెం కూడా చెప్పలేదా నీకు? తిట్టడానికా? దగ్గరికి తీసుకోడానికా?"

"తెలీదే తల్లీ. నీకే చెప్తానంది."

కిటికీ అవతల గాలి. చెట్టంతా ఊగుతోంది.

ఆరో రోజు చెల్లెలు వెళ్ళిపోయింది. అక్క మెడలో వేసుకునే టేపు ఒక్కటి తీసుకుంది. విమానాశ్రయానికి అతన్ని రావద్దంది. పోట్లాడలేదు, తిట్టలేదు. "నువ్వు రాకు" అంది, అంతే. పొద్దున ఆరింటి విమానానికి చీకటితోనే ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అతను ఆఫీసుకెళ్ళాడు. ఇంకెక్కడికెళ్తాడు?

కూర్చోగానే ఆ పేజీ తెరిచాడు. పన్నెండు గంటల పది నిమిషాలు తీసేశాడు. నేరుగా విమానం లేదు, రెండు చోట్ల మారాలి, ముప్పై గంటల పైమాటే, అని రాశాడు. పదకొండేళ్ళలో అతను రాసిన మొదటి నిజం అది. మధ్యాహ్నానికి పెద్దసారు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. విషయం తెలుసు కాబట్టి గొంతు తగ్గించే మాట్లాడాడు.

"నీ బాధ నాకర్థమైందయ్యా. కానీ ఇది ఒక్కటీ ఇలా మారిస్తే, మిగతా లక్షలన్నీ తప్పని ఒప్పుకున్నట్టే కదా."

"తప్పే కదా సార్."

పెద్దసారు వంగి, తన చేత్తోనే పాత అంకె కొట్టాడు. ఆ వేళ ఆ పేజీని పందొమ్మిది మంది చదివారని తెర కింద చిన్న అక్షరాల్లో ఉంది.

పందొమ్మిది మంది. ఎవరెవరో. ఎక్కడెక్కడో.

సాయంత్రం ఆరూ పది అయింది. పేజీ లెక్కన చెల్లెలు అక్కడ దిగిపోయింది. నిజానికి ఏ అద్దాల గోడ పక్కనో ఇనప కుర్చీలో కూర్చుని ఉంటుంది. అతను సందేశం రాశాడు. 'ఎక్కడున్నావు? ఇంకా ఎన్ని గంటలు?' పంపించాడు. తొమ్మిదేళ్ళ తర్వాత అడిగాడు.

జవాబు లేదు.

రాత్రి గడిచింది. మర్నాడు పొద్దున గడిచింది. మధ్యాహ్నం రెండు — ముప్పై రెండు గంటలు. మూడు. నాలుగు. నలభై గంటలయ్యాయి, నలభై అయిదయ్యాయి. అతను లెక్కపెడుతూనే ఉన్నాడు, భాగించడానికి ఏమీ లేకుండా.

యాభయ్యో గంటకి ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

మోగింది.

మోగిందంటే ఫోన్ తెరిచే ఉంది. తెరిచి ఉందంటే క్షేమంగా దిగింది. మంచిదే. అతను చెవికి ఆనించి నిలబడ్డాడు. మోగుతూనే ఉంది... మోగుతూనే ఉంది... దానంతటది ఆగిపోయింది.

మళ్ళీ చేశాడు.